అఫ్జల్‌గంజ్‌లో క్లోరోఫామ్: రాసిందేమిటి, రాయనిదేమిటి

నయాపూల్ మీదుగా పాతబస్తీ నుంచి మూసీ దాటితే ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది కదా, అంతకు ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 వరదలో పోయింది. పేషెంటుకు మత్తుమందు ఇచ్చేటప్పుడు ఏం గమనించాలి, ఏం రాసుకోవాలి అని ప్రపంచమంతా కొట్లాడుకున్న ప్రశ్నకు ఒక జవాబు అక్కడి నుంచే వెళ్లింది.

క్లోరోఫామ్ వాడకం 1847లో ఎడిన్‌బరోలో మొదలైంది. మర్నాడు సంవత్సరమే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల, కాలిగోరు తీయించుకోబోయి, ఆ మందుతో చనిపోయింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? లండన్ డాక్టర్లు చాలామంది గుండె అన్నారు, నాడి చూడమన్నారు. ఎడిన్‌బరోలో చదివి, ఇక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా, మెడికల్ స్కూల్ పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ మాత్రం ఊపిరే చూడాలన్నాడు. మనిషి మహా పట్టుదల గలవాడు.

1888లో కుక్కల మీద ప్రయోగాలు చేసి ఊపిరే అని తేల్చాడు. లండన్‌లో లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇస్తామంది, మీ మనిషినే పంపండి అని. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వచ్చేటప్పుడు ఆయనది గుండె పక్షం. వందల జంతువుల రక్తపోటు, శ్వాస, తిరిగే డ్రమ్ము మీద గీతలుగా దిగాయి. అవి చూసి ఆయన కూడా లారీ వైపు వచ్చేశాడండీ!

ఇక్కడే అసలు సంగతి. కమిషన్ మెచ్చిన సాధనం లోపల కాస్త దూది పెట్టిన తెరిచిన టోపీ. అందులో పోసిన మందు ఎంత లోపలికి వెళ్లిందో ఎవరు చెప్పగలరు? గాలిలో ఆవిరి ఎంత శాతం ఉండాలో కొలవాలని జాన్ స్నో ఎప్పుడో చెప్పాడు, తను మత్తు ఇచ్చిన కేసులను నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. ఆ కొలత ఇక్కడ వెనక్కి పోయింది.

1894 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్‌లో కుషింగ్, కాడ్‌మన్ అనే వైద్య విద్యార్థులు ఈథర్ ఇస్తూ నాడిని, శ్వాసను చార్టులో నింపడం మొదలుపెట్టారు. ఒక్కటి కాదు, రెండూ. 1911లో లెవీ పిల్లుల మీద చూపించాడు: క్లోరోఫామ్ మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె గతి తప్పి, చటుక్కున ఆగిపోగలదని. అంటే నాడి చూడనక్కర్లేదన్న మాట తప్పు. ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్నది మాత్రం నిలిచింది. అందుకే ఇవాళ మత్తుమందు చార్టులో మందు పేరు, మోతాదు, టైము, నాడి, బీపీ, శ్వాస అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి.