దూదేకుల సాయిబు రాజయిన యేడు

ఆ కట్టె కొంచెం లోపలికి నూకు బిడ్డా, పొగంతా నా కండ్లల్లకే కొడుతున్నది. ఏమడిగినవ్? అంత చదువుకున్న జర్మనీ జనం యూదుల మీద చెప్పిన అబద్ధాలు ఎట్ల నమ్మిన్రనా? బడిల సాంఘికశాస్త్రం చెప్పినన్నేండ్లూ పిల్లలు ఇదే అడిగేటోళ్లు. మనూరోళ్లకు యూదులంటే చర్చిల ఫాదరు చదివే సువార్తలోని మనుషులే గదా.

1933ల హిట్లర్ గద్దెనెక్కిననాడు ఆ దేశంల యూదులు ఐదు లక్షల పైచిలుకు. నూటికొక్కరు గూడ లేరు. చూడని మనిషి మీద ఏం చెప్పినా అతుకుతది. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఆ యేడే 76 మార్కులకు చవక రేడియో తెప్పించిండు, ఇంటింటికీ వాళ్ల గొంతే పోవాలని. స్ట్రైఖర్ అనేటోడు తన పత్రికను వీధుల్ల అద్దాల పెట్టెల్ల పెట్టించిండు. కొననోడు గూడ నిలబడి చదవాలె. 1938ల ఆయన అచ్చుకొట్టించిందే ఒక పిల్లల బొమ్మల పుస్తకం, పేరు విషపు పుట్టగొడుగు. తల్లి కొడుకును అడవికి తీసుకపోయి, ఇది తినేది, ఇది చంపేది అని పుట్టగొడుగులు చూపిస్తది. మనుషుల్లో చంపేది యూదుడంటది. తొలకరి పడంగనే మనం గూడ పోతం గదా పుట్టగొడుగులకు! నాకు రేడియోకంటే ఆ తల్లి నోరే భయం. స్ట్రైఖర్‌ను 1946ల నూరెంబర్గ్‌ల ఉరితీసిన్రు. రాతలతోటి ఉసిగొల్పినందుకే.

మన మఠంపల్లిల అప్పుడు రేడియో ఎక్కడిది? మాట కాళ్లతోటి నడిచొచ్చేది. 1947ల నాకు తొమ్మిదేండ్లు, నిజాం రాజ్యం. లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ, నిజాం తరఫు దండు రజాకార్లకు పెద్ద. ఢిల్లీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తమనేటోడు. దానికి ముందునుంచే ఒక మాట ఊర్లల్ల తిరుగుతుండె, అనల్ మాలిక్ అని. గద్దె మీద కూసున్నది నిజామైనా, ఏలేది ప్రతి ముసల్మానూ అని దానర్థం. ఎదురు మాట్లాడినోడు ద్రోహి.

మా వాడకు ఒక దూదేకుల సాయిబు వచ్చేటోడు. విల్లు భుజానేసుకొని, తీగ మీటుకుంట. మాతోటి తెలుగే మాట్లాడేటోడు. ఆయనతోటి గూడ ఎవరో చెప్పిన్రట, నువ్వు రాజువని. మా అమ్మ పరుపు ముందరేసుకొని కూసొని, "రాజునట దొరసానీ, దూది తెచ్చుకోవాలె" అని నవ్విండు. అమ్మ గూడ నవ్వింది. ఆ నవ్వు ఎన్నో నెలలు నిలవలే. రజాకార్ల దాడులని విన్నంక మేము మట్టపల్లి రేవుల పుట్టి ఎక్కి, కృష్ణ దాటి అవతలి గట్టుకు పోయినం.

అబద్ధానికి అడ్డంబడ్డోళ్లల్ల ముసల్మాన్లూ ఉన్నరు, ఇది రాసుకో. ఇమ్రోజ్ పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్ నిజాం రాజ్యం ఇండియాల కలవాలని రాసిండు. 1948 ఆగస్టుల హైదరాబాద్ వీధిల చంపి, చెయ్యి నరికిన్రు.

సెప్టెంబర్ 13న ఇండియా పటాలాలొచ్చినయ్, 17న నిజాం లొంగిండు. మేము తిరిగొచ్చినం. అప్పుడు మాట అటునుంచి ఇటు తిరిగింది. ముసల్మాన్లందరూ రజాకార్లేనని. నిజాం రాజ్యం మొత్తంల అప్పుడు ఎంతమంది పోయిన్రో, సుందర్‌లాల్ కమిటీ తక్కువల తక్కువ 27 వేలని లెక్కగట్టింది. జర్మనీదీ మనదీ ఒకటే అననురా, హిట్లర్ మనుషులు యూరప్ అంతటా అరవై లక్షల యూదుల్ని చంపిన్రు. ఎత్తు మాత్రం ఒకటే.

ఆ చలికాలం సాయిబు మళ్లొచ్చిండు. తీగ మోత వాడ మొదట్లనుంచే ఇనిపించింది. నేను లేచి ఉరకబోయిన. అమ్మ నా రెక్క పట్టి కూసోబెట్టి, తలుపు దగ్గరికేసింది. మా నాయన ఏమన్లే. మోత మా ఇంటి ముందర కొంచెంసేపు ఆగింది, మళ్ల ముందుకు పోయింది. ఆ యేడంతా ఉండలుకట్టిన పరుపు మీదనే పండుకున్నం.

ఇంకో కట్టె వెయ్యి.