గుడియాత్తపు వేరుసెనగ - జన్యుచిహ్నముల విద్య

పలమనేరు వైపునుండి దిగివచ్చు కౌండిన్యనది గుడియాత్తము మీదుగా పారి పాలాటిలో కలియుచున్నది. వేలూరునకు పడమట నున్న ఈ సీమలో తెలుగు, తమిళము ప్రక్కప్రక్కనే వినబడును. ఈ ఊరి పేరు ధరించిన నాటు వేరుసెనగ రకమొకటి వ్యవసాయ గ్రంథములలో 'గుడియాత్తం బంచ్' అని ప్రసిద్ధికెక్కినది. దాని సంతతి రాయలసీమ రైతును దశాబ్దములపాటు పోషించి, నేడు జన్యుశాస్త్రజ్ఞుల పరిశోధనకు ఆధారమైనది. ఆ క్రమము తెలిసికొనదగినది.

వేరుసెనగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా. ఓడలపై మన దేశమునకు వచ్చిన ఈ పైరునకు ఆర్కాటు జిల్లాల ఎఱ్ఱనేలలు అనుకూలించెను. గుడియాత్తము రకము తీగ సాగునది కాదు. కాయలు మొదలువద్దనే గుత్తిగా కాయునది. తిండివనము నూనెగింజల పరిశోధన కేంద్రమువారు ఈ రకమునుండి మేలైన మొక్కలను ఏరి, వాని విత్తనములను కలిపి పెంచి, 1940లో టి.ఎం.వి.-2 అను పేర విడుదల చేసిరి. ఆ మూడక్షరములు తిండివనమును సూచించును. నాటినుండి రైతుల నోట గుడియాత్తము పేరు మరుగుపడి, ఆ అక్షరములే నిలిచినవి.

అప్పటికి గుడియాత్తము, తిండివనము, అనంతపురము మూడును మదరాసు రాజధానిలోనివే. టి.ఎం.వి.-2 సుమారు 105 దినములలో పంటకు వచ్చును. వానలు నిలకడలేని అనంతపురపు మెట్టచేలకు ఇట్టి స్వల్పకాలిక పైరే తగినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి పాలనకు హద్దులు ఏర్పడినను విత్తనమునకు ఆ హద్దులు లేవు. కొత్త రకములు ఎన్ని వచ్చినను రైతులు దీనిని చాలకాలము విడువలేదు. అయితే దీనికొక గొప్ప లోపము కలదు. తిక్క ఆకుమచ్చ తెగులు, తుప్పు తెగులు సోకినచో ఆకులు రాలి, కాయలును మేతయు రెండును తగ్గిపోవును.

తెగులునకు లొంగని మొక్కను కంటితో ఏరవలెనన్న, తెగులు వచ్చువఱకు వేచియుండవలెను. ఈ నిరీక్షణను తొలగించునదే జన్యుచిహ్నము. కోరిన జన్యువునకు అతిసమీపమున నుండి, సాధారణముగా దానితో కలిసియే సంతతికి సంక్రమించు డి.ఎన్.ఏ. భాగమే ఈ చిహ్నము. లేతమొక్క ఆకుముక్కను పరీక్షించి జన్యువు కలదో లేదో తెలిసికొనవచ్చును.

ప్రొద్దుతిరుగుడు పైరున ఈ విద్య త్వరగా ఫలించెను. 1969లో ఫ్రాన్సు దేశమున లెక్లెర్క్ పుప్పొడి వంధ్యత్వము గల మొక్కలను వెల్లడించిన పిమ్మట సంకరములకు త్రోవ ఏర్పడినది. ఆ సంకరములలో పుప్పొడిని తిరిగి కలిగించు జన్యువునకును, బూజుతెగులును తట్టుకొను జన్యువులకును శాస్త్రజ్ఞులు చిహ్నములను గుర్తించిరి. ఉత్తర అమెరికాలోని అడవి ప్రొద్దుతిరుగుళ్ళతో ఆ పైరు సులభముగా సంకరమగును గనుక దానిలో వైవిధ్యము మెండు. వేరుసెనగ అట్టిది కాదు. రెండు అడవిజాతుల కలయికతో పుట్టి, 40 క్రోమోజోములు గలదై, 20 మాత్రమే గల తన బంధువులతో సులువుగా కలియలేకపోయినది. ఆ కారణమున దానిలో భేదములు స్వల్పము. భేదము లేనిచోట చిహ్నము దొరకుటయు కష్టము.

ఆ కొఱత తీర్చినది బొలీవియా దేశపు అడవిమొక్క ఆరాకిస్ కార్డెనాసీ. దాని నిరోధకశక్తి కొన్ని సంకరముల ద్వారా ధార్వాడలో రూపొందిన జి.పి.బి.డి.-4 రకమునకు చేరినది. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ రకమును టి.ఎం.వి.-2తో సంకరము చేసి, ఆ సంతతిని మరల మరల టి.ఎం.వి.-2తోనే కలుపుచు, చిహ్నముల సాయమున నిరోధక జన్యువులు గల మొక్కలను నిలుపుకొనిరి. ఇట్లు రెండు తెగుళ్ళను తట్టుకొను వంశములు లభించినట్లు 2017లో ప్రకటించిరి. టి.ఎం.వి.-2పై రసాయనమును ప్రయోగించుటచే పుట్టిన సన్నాకు రకమును మూలరకముతో సంకరము చేసి, ఆ సంతతిలో స్థానము మార్చుకొను డి.ఎన్.ఏ. ఖండములనే చిహ్నములుగా వాడిరి.

జన్యుచిహ్నము దేనిని సృష్టింపదు, ఉన్నదానిని చూపును. నిరోధకశక్తి అడవిమొక్క ఇచ్చినది. మెట్టచేలకు తగిన దేహము గుడియాత్తపు నాటువిత్తు ఇచ్చినది. ఈ రెంటిలో ఏ యొకటి నశించియున్నను ప్రయోగశాల వెదకుటకు ఏమియు మిగిలియుండదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ విత్తన భాండాగారమున 15,000కు పైగా వేరుసెనగ నమూనాలు భద్రపరుపబడుటకు కారణ మిదియే. నాటువిత్తనమును పాతదని పాఱవేయుట రేపటి పంటను పోగొట్టుకొనుటయే. శాస్త్రము వాడు పొట్టి పేరు వెనుక ఒక సీమ రైతుల శ్రమ కలదని వేలూరు, గుడియాత్తముల తెలుగువారు తమ బిడ్డలకు చెప్పవలసియున్నది.