రక్తపోటు అంకెల అవగాహన: కృష్ణా డెల్టా నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రక్తపోటు గురించి ప్రజల్లో ఉన్న అభిప్రాయాలను ‘అపోహలు’ అని కొట్టివేయడం ఆరోగ్య ప్రచారంలో పరిపాటి అయింది. అయితే వాటిలో చాలా భాగం ఒకనాటి వైద్యులు చెప్పిన పాఠాలే. వైద్యశాస్త్రం వాటిని విడిచి ముందుకు సాగింది. జనవ్యవహారంలో అవి నిలిచిపోయాయి. రక్తపోటు కొలత చరిత్రను, తెలుగు మాటల అర్థచ్ఛాయలను, కృష్ణా–గోదావరి ప్రాంతపు అనుభవాన్ని కలిపి పరిశీలించి, రోగి తన అంకెలను అర్థం చేసుకోవడానికి ఈ చరిత్ర ఎలా తోడ్పడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రక్తపోటు, కొలత చరిత్ర, పోటు, కృష్ణా డెల్టా, విజయవాడ, ఆరోగ్య అవగాహన.

1. ఉపోద్ఘాతం:
విజయవాడ నగరంలోను, చుట్టుపక్కల డెల్టా గ్రామాల్లోను ‘బీపీ’ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. ‘ఆయనకు బీపీ ఉంది’ అంటే జబ్బు ఉన్నదని అర్థం. ‘నాకు బీపీ తెప్పించకు’ అంటే కోపం తెప్పించవద్దని అర్థం. నిజానికి రక్తపు పీడనం ప్రాణమున్న ప్రతి మనిషికీ ఉంటుంది. కొలతకు పెట్టిన పేరు జబ్బుకూ కోపానికీ పేరైనప్పుడు, చీటీమీద రాసిన 150/94 వంటి అంకెలు ఏమి చెబుతున్నాయన్నది మరుగునపడుతుంది. ఆ చీటీని చదవడం రానందువల్ల మందు మానేసినవారికి పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం వంటి ముప్పులు పెరుగుతాయి. కాబట్టి ఇది కేవలం భాషాచర్చ కాదు.

2. నాడి నుంచి అంకె వరకు:
తెలుగునాట ప్రసిద్ధమైన వైద్యగ్రంథం బసవరాజీయంలో నాడీపరీక్షకు ప్రముఖ స్థానం ఉంది. వైద్యుడు వేళ్లతో నాడి నడకను గ్రహించేవాడు. అది గుణాన్ని చెప్పే పరీక్ష, అంకెను ఇచ్చేది కాదు. రక్తపు ఒత్తిడిని కొలవాలన్న ప్రయత్నం ఇంగ్లండులో మొదలైంది. స్టీఫెన్ హేల్స్ గుర్రపు ధమనికి గాజు గొట్టం అమర్చగా, రక్తం ఎనిమిది అడుగులకు పైగా లేచింది. ఆ వివరాలను ఆయన 1733లో ప్రచురించాడు. అంత పొడవు గొట్టం అక్కరలేకుండా 1828లో ప్వాజెయ్ పాదరసాన్ని వాడాడు. పాదరసం నీటికంటె 13.6 రెట్లు బరువైనది. నేటికీ రక్తపోటును ‘పాదరస మిల్లీమీటర్ల’లో చెప్పడానికి మూలం అదే. 120 అంటే పాదరసాన్ని 120 మిల్లీమీటర్లు, నీటినైతే సుమారు 1.6 మీటర్ల ఎత్తుకు నిలపగల ఒత్తిడి అని అర్థం.

1896లో ఇటలీలో రివా–రొచ్చి చేతికి చుట్టే గాలిపట్టీని రూపొందించాడు. దానితో పై అంకె మాత్రమే తెలిసేది. 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ పట్టీ దిగువన స్టెతస్కోపు ఆనించి, గాలి వదులుతున్నప్పుడు వినిపించే చప్పుళ్లను వివరించాడు. చప్పుడు మొదలైన చోట పై అంకె, అణగిన చోట క్రింది అంకె. గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి మొదటిది. రెండు స్పందనల నడుమ గుండె సడలినప్పటి ఒత్తిడి రెండవది. రెండూ ఒకే ప్రవాహపు రెండు స్థితులే కాని, రెండు వేరువేరు జబ్బులకు గుర్తులు కావు.

3. నిలిచిపోయిన పాత పాఠాలు:
3.1. ‘వయసుకు వంద కలపాలి’: అరవై ఏళ్ల మనిషికి 160 ఉండవచ్చునన్న ఈ లెక్క పల్లెటూరి ఊహ కాదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో అనేక దేశాల వైద్యులు వాడిన గుర్తు అది. ముదిమిలో గట్టిపడిన రక్తనాళాల్లో రక్తం పారడానికి ఎక్కువ ఒత్తిడి అవసరమని అప్పట్లో భావించారు. ‘ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్’ అనే పేరులోనే ఆ నీడ ఉందని కొందరి వ్యాఖ్య. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఆ భావనను తలకిందులు చేసింది. ఒత్తిడి పెరిగినకొద్దీ ఏ వయసులోనైనా ముప్పు పెరుగుతుందని తేలింది.

3.2. ‘క్రింది అంకే ముఖ్యం’: 1967లోను, 1970లోను వెలువడిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధనలు, చికిత్సతో పక్షవాతం వంటి ఉపద్రవాలను తగ్గించవచ్చునని నిరూపించాయి. ఆ పరిశోధనలు రోగులను ఎంపిక చేసింది క్రింది అంకె ఆధారంగానే. అందువల్ల ఒక తరం వైద్యులు దానికే ప్రాధాన్యమిచ్చారు. పై అంకె ఒక్కటే ఎక్కువగా ఉన్న వృద్ధులకు కూడా చికిత్స మేలు చేస్తుందని 1991లో మరో పరిశోధన తేల్చింది. అంటే ‘క్రిందిది బాగానే ఉంది, పైదానికి భయం లేదు’ అనే పెద్దలు తమ యౌవనకాలపు వైద్యాన్ని అప్పగిస్తున్నారు.

3.3. ‘140/90 గీత’: ఇది ప్రకృతి గీసిన గీత కాదు, ముప్పును, చికిత్స వల్ల కలిగే మేలును బేరీజు వేసి నిపుణులు నిర్ణయించినది. 2017లో అమెరికా సంఘాలు దానిని 130/80కి దించాయి. భారతదేశపు జాతీయ కార్యక్రమం 140/90నే పాటిస్తున్నది. ఇంట్లో కొలిచినప్పుడు 135/85ను హద్దుగా తీసుకోవడం వాడుక. 138 వచ్చినవారు నిశ్చింతగాను, 142 వచ్చినవారు హడలిపోతూను ఉండటానికి ఆధారం లేదు. ముప్పు మెట్లుమెట్లుగా కాక వాలుగా పెరుగుతుంది.

4. ‘పోటు’ అనే మాట:
తెలుగులో తలపోటు, చెవిపోటు, పంటిపోటు అన్నీ బాధలే. ఆ వరుసలో వినిపించే ‘రక్తపోటు’ కూడా తెలిసివచ్చే నొప్పి అయి ఉండాలని శ్రోత అనుకోవడం సహజం. తల తిరిగినప్పుడు, మెడ లాగినప్పుడు మాత్రమే మాత్ర వేసుకొనే అలవాటుకు ఈ మాట కొంత ఊతమిచ్చి ఉండవచ్చు. ఎక్కువ రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే ఏళ్ల తరబడి సాగుతుంది. పాఠ్యపుస్తకాల్లోని ‘రక్తపీడనం’ ఈ పొరపాటుకు తావివ్వదు. కాని అది ఇళ్లలోకి రాలేదు.

అయితే ‘పోటు’కు మరో అర్థమూ ఉంది. మచిలీపట్నం, హంసలదీవి తీరాల వారికి ఆటుపోట్లు నిత్యానుభవం. సముద్రమట్టం దినమంతా ఒక్కలా ఉండదు. రక్తపు ఒత్తిడీ అంతే: నిద్రలో తగ్గుతుంది, మేల్కొన్నాక పెరుగుతుంది, మెట్లెక్కినా, మాట్లాడినా, చుట్ట కాల్చినా, కాఫీ తాగినా మారుతుంది. కనుక ఒక్క కొలత తీర్పు కాదు. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చొని, వీపు ఆనించి, చేతిని గుండె ఎత్తున ఉంచి, కనీసం రెండుసార్లు కొలిచి, వేరువేరు రోజుల అంకెలను కలిపి చూడాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కొక్కరికి మూడుసార్లు కొలిచారు. పట్టీ కొలతా ముఖ్యమే. లావు చేతికి ఇరుకు పట్టీ చుడితే అంకె ఎక్కువగా వస్తుంది.

5. మట్టం చదవడం తెలిసిన నేల:
1852–55 మధ్య కృష్ణపై ఆనకట్ట నిర్మించినప్పటి నుంచి ఈ డెల్టా జీవనం నీటిమట్టపు అంకెలతో ముడిపడింది. 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నదీ, మొదటి హెచ్చరిక జారీ అయినదీ లేనిదీ లంకగ్రామాల రైతులు విని గ్రహించగలరు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ అంకె భావం ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది. హెచ్చరిక అంటే నీరు ఇంట్లోకి వచ్చిందని కాదు, రాకముందే కదలాలని.

రక్తపోటు అంకెను ఇదే రీతిలో చదవవచ్చు. బ్యారేజీ ఎగువన మట్టం నిలకడగా ఉన్నదంటే గేట్లు పనిచేస్తున్నాయని అర్థం, గేట్లు అక్కరలేదని కాదు. మందు వాడుతున్నవారికి 128/80 వచ్చిందంటే మందు పనిచేస్తున్నదని అర్థం. ‘నార్మల్ వచ్చింది’ అని మానేయడం ఈ అంకెను తిరగేసి చదవడమే. మోతాదు తగ్గించాలా, మార్చాలా అన్నది వైద్యుడు నిర్ణయించవలసిన సంగతి.

6. ఇరుగు డెల్టా అనుభవం:
విజయవాడ నుంచి సాగే ఏలూరు కాలువ కృష్ణా, గోదావరి కాలువల వ్యవస్థలను ఏలూరు వద్ద కలుపుతుంది. ఆ గోదావరి జిల్లాల్లో జరిగిన పరిశోధనలు కృష్ణా డెల్టాకూ పాఠాలే. 2003–04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ 45 గ్రామాల్లో ఏడాదిపాటు 1,354 మరణాలను నమోదు చేసింది. వాటిలో 32 శాతం రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులవల్ల సంభవించాయి. అంటువ్యాధుల మరణాలకంటె అవి ఎక్కువ. పల్లెల్లో ఇలాంటి జబ్బులు ఉండవన్న నమ్మకం దానితో సడలింది.

తరువాత 44 గ్రామాల్లో జరిగిన మరో పరిశోధనలో, ఆరోగ్య ప్రచారంవల్ల ప్రజల జ్ఞానంలో గుర్తించదగిన మార్పు కనబడలేదు. పశ్చిమగోదావరిలో 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్లతో ఇంటింటికీ వెళ్లి ముప్పును లెక్కగట్టారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. కొలిచే పరికరం ఇంటికి చేరినంత మాత్రాన అదుపు చేరదు. అర్థం, మందు, మళ్లీ మళ్లీ పలకరించే వైద్యవ్యవస్థ దాని వెంట నడవాలి. ఈ దిశగానే 2017 నవంబరులో అయిదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది.

7. ముగింపు:
1. ప్రజల అభిప్రాయాల్లో చాలా భాగం అజ్ఞానం కాదు, కాలం చెల్లిన వైద్యజ్ఞానం. ‘అది తప్పు’ అనడం కంటె, ‘అప్పట్లో అలా చెప్పేవారు, తరువాత ఈ కారణంతో మార్చుకొన్నారు’ అని చెప్పడం గౌరవప్రదం, ప్రయోజనకరం.
2. ‘రక్తపోటు’ అనే మాట వాడుతూనే, అది నొప్పి కాదని, ఎక్కీదిగే మట్టమని స్పష్టం చేయాలి.
3. ఒక్క అంకెకు బదులు తేదీలతో కూడిన అంకెల వరుసను రోగి చేతికివ్వాలి.
4. మందు వాడేటప్పటి మంచి అంకె మందు మానడానికి అనుమతి కాదు.

మినమాటా ఒడంబడిక తరువాత పాదరసపు యంత్రాలు క్రమంగా తొలగిపోతున్నాయి; పాదరసపు కొలమానం మాత్రం మిగిలింది. మాటలు, లెక్కలు తమను పుట్టించిన కాలంకంటె ఎక్కువకాలం బ్రతుకుతాయి. చీటీపై అంకె రాసేవారు ఈ సంగతిని గుర్తుంచుకొని, దాని అర్థాన్ని కూడా రోగికి అప్పగించినప్పుడే కొలత పూర్తయినట్లు.