కోర్డోబాలో మేము చూచినవి

స్పెయినుదేశమునకు దక్షిణమున, గ్వాదల్కివీర్ నదీతీరమున, కోర్డోబా యను పురాతన నగరము కలదు. యూరపుఖండమున వేసవి యెండలకు పేరుమోసిన పట్టణములలో నిది యొకటి. మేము నలుగురు మిత్రులము జూన్ నెలలో నొక యుదయమున మాడ్రిడ్ నుండి రైలెక్కి, రెండు గంటలు నిండకమునుపే యచ్చట దిగితిమి. రోహిణికార్తెలో రోళ్లు పగులునని చిన్ననాటినుండి వినుచు పెరిగినవారమే యైనను, మధ్యాహ్నమగుసరికి మాకును వీథిలో నిలువ శక్యము కాకపోయెను. ఊరివారు తలుపులు మూసికొని విశ్రమించుచుండిరి. ఆ వేళ వీథులు త్రొక్కుచుండినది మావంటి పరదేశులే.

పాతపేటలోని సందులు మిక్కిలి యిరుకు. ఆ యిరుకే యచ్చట నీడ. ఇండ్లు వీథివైపునకు వెల్లవేసిన గోడను మాత్రమే చూపును. తలుపు తెరచియున్నచోట తొంగిచూచినచో, ఆకాశమునకు విడిచిన లోపలి వాకిలియు, గోడలనిండ వ్రేలాడు పూలకుండలును కానవచ్చును. మన మండువా యిండ్లు జ్ఞప్తికి వచ్చి, మాలో నొకరు చాలసేపు కదలకుండిరి.

ఇక ఈ నగరమునకు వచ్చువారందఱు చూడవచ్చునది యచ్చటి మహామసీదు. నేడది క్రైస్తవుల ప్రధానదేవాలయము. మొదటి అబ్దుర్రహమాను 785 ప్రాంతమున దీని నారంభించెను. తరువాతి రెండు శతాబ్దులలో మూడుసార్లు పెంచిరి. ఇప్పటికిని ఎనిమిదివందలకు పైగా స్తంభములు నిలిచియున్నవి. తొలుత కట్టినవారు రోమనుల శిథిలములనుండి స్తంభములు తెచ్చుకొనిరి. అవి పొట్టివి, కప్పేమో యెత్తుగ నుండవలెను. అందుచే నొక కమానుపై మఱియొక కమానును నిలిపిరి. ఎఱ్ఱని యిటుకయు తెల్లని రాయియు మార్చి మార్చి పేర్చిన యా కమానుల వరుసలలో నడచుచుండ, వెలుపలి యెండ సంగతియే మఱచితిమి.

నడచి నడచి మధ్యకు రాగానే స్తంభముల వనము తెగిపోవును. అకస్మాత్తుగ నెత్తైన గోడలు, తెల్లని కప్పు, బంగరుపూతల పీఠములు. మసీదు నడిబొడ్డున నొక చర్చి! మాలో చరిత్ర బోధించు మిత్రులొకరు కోపము పట్టజాలక, "పరమతమువాడు గెలిచినచో నిట్లే చేయును" అనిరి. మేమును మొదట నట్లే తలచితిమి. కాని యీ కట్టడపు చరిత్ర యంత సుళువుగ తెగునది కాదు.

కాస్టీలు రాజగు మూడవ ఫెర్డినాండు 1236లో ఈ నగరమును జయించి మసీదును చర్చిగా మార్చెను. అయినను దాదాపు మూడువందల యేండ్లు దాని రూపమును పెద్దగ చెడగొట్టలేదు. 1523లో బిషప్పు అలోన్సో మాన్రికే నడుమ భాగమును పడగొట్టి పెద్ద చర్చి కట్ట బూనెను. అప్పు డడ్డుపడినదెవరు? ముసల్మానులు కారు. ఆ నగరపు క్రైస్తవ పురపాలకులు. ఇట్టి పనితనమును మరల నెవ్వరును సాధింపజాలరనియు, రాజాజ్ఞ వచ్చువరకు పడగొట్టుటకు చేయివేసిన పనివానికి మరణదండన తప్పదనియు వారు చాటించిరి. రాజగు అయిదవ చార్లెస్ బిషప్పు పక్షముననే తీర్పు చెప్పెను. పని సాగి 1607లో ముగిసెను. చార్లెస్ తరువాత వచ్చి చూచి పశ్చాత్తాపపడెనని యొక కథ కలదు. దానికి గట్టి యాధారము లేదు. ఆ కథ నెల్లవారు నెఱుగుదురు. పురపాలకుల చాటింపు నెఱిగినవారు తక్కువ. రాజు కన్నీరు మనకంత ప్రియము కాబోలు.

గంటల కథయు వినదగినదే. 997లో కోర్డోబా సేనాని అల్మన్సూర్ ఉత్తరమున సాంతియాగో పుణ్యక్షేత్రమును కొల్లగొట్టి, యచ్చటి గంటలను క్రైస్తవ బందీలచే మోయించి తెచ్చి ఈ మసీదున దీపములుగ వ్రేలాడదీసెనట. 1236లో ఫెర్డినాండు వానినే ముసల్మాను బందీల భుజములపై తిరిగి పంపెనని చరిత్రలు చెప్పుచున్నవి. గంటలు మారలేదు, దూరము మారలేదు.

మసీదు వెలుపల నారింజచెట్ల నీడను కూర్చుండి యుండగా, మాలో నుపాధ్యాయినియగు సోదరి యిట్లడిగినది: "అన్నగారూ, రాజులు, బిషప్పులు, సేనానులు అయిరి. ఈ యూరిలో ఆడువా రేమి చేయుచుండిరి?"

ఈ ప్రశ్న మమ్ము గ్రంథముల కథకు తీసికొనిపోయెను. 961 మొదలు 976 వరకు ఏలిన రెండవ హకము ఖలీఫాకు పుస్తకములన్న ప్రాణము. దూరదేశములకు మనుష్యులను పంపి గ్రంథములు తెప్పించెను. ఆయన పుస్తకశాలలో నాలుగు లక్షల గ్రంథములుండెననుట అతిశయోక్తి కావచ్చును. పేళ్ల పట్టికయే నలువదినాలుగు సంపుటములని మాత్రము వ్రాసియున్నారు. తూర్పుపేటలో నూటడెబ్బదిమంది స్త్రీలు ఖురాను ప్రతులు వ్రాయుచుండిరని ఒక అరబ్బు చరిత్రకారుడు చెప్పెను. సోదరి ముఖమున వెలుగు కనబడినది.

ఆ పుస్తకశాల యేమయ్యెను? శత్రువులు కాల్చలేదు. హకము మరణానంతరము బాలుడు రాజు కాగా, అధికారము చేజిక్కించుకొన్న ఆ అల్మన్సూరే పండితుల మెప్పు కోరి తత్త్వశాస్త్ర జ్యోతిశ్శాస్త్ర గ్రంథములను ఏఱించి తగులబెట్టించెను. మిగిలినవి 1009 తరువాతి అంతఃకలహములలో అమ్ముడుపోయెను, దోపుడుపోయెను. తనవారి యింట తన పుస్తకమునకు భయము లేదనుకొనుట యొక భ్రమ. మా చరిత్రమిత్రులు మఱి మాటాడలేదు.

ఆ మంటలు చల్లారిన పిమ్మట, 1126లో, ఇబ్న్ రుష్ద్ ఈ నగరముననే జన్మించెను. తాతవలెనే కోర్డోబా న్యాయాధిపతి, ఖలీఫాకు వైద్యుడు, అరిస్టాటిలునకు వ్యాఖ్యాత. ప్లేటో వ్రాసిన రాజ్యతంత్ర గ్రంథమునకును వ్యాఖ్య వ్రాసెను. అందులో స్త్రీలను గూర్చిన భాగ మొకటి కలదు. ఈ నగరములలో స్త్రీల శక్తి యెట్టిదో తెలియకున్నదనియు, వారిని సంతానమునకును భర్తృసేవకును మాత్రమే వినియోగించుటచే వారు మొక్కలవలె నైపోయిరనియు, ఏ పనియు నేర్పక పురుషులపై భారముగ నుంచుటయే ఈ నగరముల దారిద్ర్యమునకు కారణములలో నొకటియనియు ఆయన వ్రాసెను. స్త్రీలలో తత్త్వజ్ఞులును, పాలకులును కాదగినవారు కలరనెను. పురుషుల కెక్కువ సామర్థ్యము గల పనులున్నవనికూడ ఆయన యనకపోలేదు. దాచి చెప్పుట మాకిష్టము లేదు. అయినను ఎనిమిదివందల యేండ్లకు పూర్వము ఒక న్యాయాధిపతి యింటిలోని పనిలేమికిని, ఊరిలోని పేదఱికమునకును ముడివేసి చూపినాడు. సోదరి ఆ మాటలను తన చిన్న పుస్తకమున వ్రాసికొనినది.

ఆ గ్రంథమునకు అరబ్బు మూలము నేడు దొరకుటలేదు. 1195లో ఖలీఫా ఆయనపై నాగ్రహించి లుసేనా యను చిన్న యూరికి వెడలగొట్టి, తత్త్వగ్రంథములను కాల్పించెను. వైద్యము, గణితము మాత్రము విడిచిపెట్టిరి. ప్లేటో వ్యాఖ్యానము మనకు దక్కినది హీబ్రూ భాషలో. 14వ శతాబ్దారంభమున మార్సే నగరవాసి సామ్యూల్ బెన్ యెహూదా యను యూదపండితుడు దానిని తర్జుమా చేసెను. ఆ యూదుల నీ నగరమున నెట్లు చూచిరి? 1148లో నూతనపాలకుల నిర్బంధమునకు తాళజాలక, బాలుడగు మైమొనిడీసుతో ఆయన కుటుంబము ఊరు విడిచినది. 1492లో క్రైస్తవరాజులు యూదుల నందఱను దేశమునుండియే వెడలగొట్టిరి. 1315లో కట్టిన వారి చిన్న ప్రార్థనామందిర మొకటి సందులో మిగిలియున్నది. మే మందులో నిలుచుటకు పది నిమిషములు చాలెను.

సాయంకాలము ఎండ తగ్గిన పిదప కోటగోడవెంట నడచుచు ఇబ్న్ రుష్దు విగ్రహము కడకు వచ్చితిమి. రాతిమనిషి చేతిలో పుస్తకము పట్టుకొని కూర్చుండి యున్నాడు. ప్రక్కనే పిల్లలు బంతి యాడుచుండిరి. చివరి దినములలో ఖలీఫా ఆయనను క్షమించెను. కాని 1198లో ఆయన మర్రాకెష్ నగరమున మరణించెను. అచ్చటనే పూడ్చి, కొన్ని నెలలకు దేహమును కోర్డోబాకు తరలించిరి. ఆ దృశ్యమును యువకుడగు ఇబ్న్ అరబీ చూచి వ్రాసియుంచెను. బరువు మోయు పశువుపై నొక ప్రక్క శవపేటిక. బరువు సరిపోవుటకై రెండవ ప్రక్క ఆయన వ్రాసిన పుస్తకములు.