కంటికి నచ్చాకే నోటికి

మా పేటలోని చిన్న మెక్సికన్ హోటల్లో ఈమధ్య ఎన్చిలాడాలకు ఫోటోలు తీయించారు. మొక్కజొన్న రొట్టెలో చీజ్ పెట్టి చుట్టి, పైన మిరపకాయల గ్రేవీ పోసే వంటకమిది. నోటికి అమృతం, కెమెరాకు మాత్రం బురద. ఫోటోగ్రాఫర్ ప్లేటును కిటికీ పక్కన పెట్టి, వెలుగు వెనకనుంచి పడేలా చూసుకున్నాడు. నీడ పడినవైపు తెల్ల థర్మకోల్ అట్ట నిలబెట్టాడు. లైటు కుదిరేదాకా డమ్మీ ప్లేటుతోనే పని. చీజ్ నిమిషాల్లో బిగుసుకుపోతుంది కదా, అసలుది ఆఖర్న వచ్చింది. దానికి బ్రష్‌తో నూనె పూసి, కొత్తిమీర ఒక్కో ఆకూ పట్టకారుతో సర్దాడు.

ఇంత ముస్తాబు ఎందుకో తెలియాలంటే మేముండే ఈ శాన్ ఆంటోనియో ఊరి కథ కొంచెం వినాలి. 1836 దాకా ఇది మెక్సికో ఊరు. తర్వాత టెక్సాస్ కొన్నాళ్లు సొంత దేశంగా ఉండి, 1845లో అమెరికాలో కలిసింది. యుద్ధాల గొడవ మనకొద్దు. ఆ రోజుల్లో పొద్దుగూకితే మెక్సికన్ ఆడవాళ్లు ఊరి కూడళ్లలో బల్లలు వేసి, లాంతర్లు వెలిగించి, మాంసమూ ఎండుమిర్చీ వేసి వండిన కూర అమ్మేవారు. జనం వాళ్లను 'చిలీ క్వీన్స్' అన్నారు. 1877లో రైలొచ్చాక పై ఊళ్లవాళ్లూ ఎగబడి తిన్నారు. 1893 షికాగో ప్రదర్శనలో ఆ కూరకు ప్రత్యేకంగా కొట్టే పెట్టారు. తీరా 1930ల్లో శుభ్రత పేరు చెప్పి ఆరోగ్యశాఖ ఆ బల్లలు ఎత్తించడం మొదలెట్టింది. 1940ల్లో మొత్తానికే పోయాయి. రైలొచ్చిన నూరేళ్లకు, 1977లో, టెక్సాస్ శాసనసభ అదే కూరను రాష్ట్ర వంటకంగా ప్రకటించింది! వండినవాళ్లకు ఆ ఊళ్లో చోటు లేకపోయాక వచ్చిన గౌరవం. నాకైతే ఇది మింగుడుపడదు.

అందుకేనేమో, ఇక్కడ మెక్సికన్ కూడు తళతళలాడితే తప్ప నమ్మరని హోటల్ ఆవిడ బెంగ. తళతళల కోసం పెద్ద కంపెనీలూ తక్కువ తినలేదు. 1960ల్లో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటనల్లో గిన్నె అడుగున గాజు గోలీలు వేసి, కూరముక్కలు పైకి తేలేట్టు చూపించారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కలగజేసుకుంటే గానీ ఆపలేదు.

నవ్వకండి. మన అనకాపల్లి బెల్లం యార్డు మాత్రం? దిమ్మ రంగు చూశాకే కదా పాట లేచేది. పసుపు తిరిగిందానికి ఒక రేటు, ముదురుదానికి ఇంకో రేటు. ఆ రంగు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వెయ్యడం, వెయ్యొద్దని అధికారులు చెప్పడం ఎన్నాళ్లనుంచి చూడటం లేదు? గోలీలైతే తీసి కడుక్కోవచ్చు, హైడ్రోస్ కడుపులోకే పోతుంది. రైతునేం అంటాం, రంగు తగ్గితే నష్టపోయేది అతనే.

ఇక్కడి మెక్సికన్ కొట్లలో పిలోన్సీయో అని చెరకు బెల్లం అమ్ముతారు. చిన్న శంకువులు, చిక్కటి గోధుమరంగు. మన వేలంలో దాన్ని ఎవడూ ముట్టుకోడు. నేను మాత్రం దాంతోనే పొంగలి వండుతున్నాను. ఉడుకుతుంటే ఇల్లంతా గానుగల సీజన్లో మా ఊరి వాసన. అయినా మనది మనదే. ఈసారి ఎవరైనా ఇటొస్తూ బెల్లం తెచ్చేటట్టయితే, మెరిసేది వద్దు, యార్డులో ఎవరూ పాడనిది తీసుకురండి.