జేమ్స్ బ్రెయిడ్‌వుడ్

జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ (1800 - 1861) స్కాట్లండుకు చెందిన అగ్నిమాపక దళాధిపతి. ఎడింబరో, లండను నగరాల దళాలకు దాదాపు 37 సంవత్సరాలు నాయకత్వం వహించి, విధి నిర్వహణలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఆధునిక అగ్నిమాపక పద్ధతులకు పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు.

ఎడింబరోలో సేవ

ఈయన 1800లో ఎడింబరోలో జన్మించాడు. భవన నిర్మాణంలో అనుభవం గడించి, 1824లో ఆ నగర పురపాలక అగ్నిమాపక దళానికి అధిపతిగా నియమితుడయ్యాడు. కొద్ది వారాలకే, నవంబరు నెలలో, నగరంలో ఘోర అగ్నిప్రమాదం సంభవించింది. అప్పటికి దళానికి తగిన శిక్షణ లేదు. ఆ తరువాత బ్రెయిడ్‌వుడ్ వడ్రంగులు, తాపీ పనివారు, పైకప్పులు వేసేవారు మొదలైన వృత్తులవారిని చేర్చుకొని, వేకువజామున కసరత్తులు చేయించాడు. తన పద్ధతులను వివరిస్తూ 1830లో ఒక గ్రంథం ప్రచురించాడు.

పద్ధతులు

అంతకుముందు సాధారణంగా వీధిలో నిలబడి మంటలపై నీరు చిమ్మేవారు. అలా చల్లిన నీటిలో అధికభాగం నిప్పును చేరదనీ, లోపలికి వెళ్ళి నిప్పు మూలాన్నే తడపాలనీ ఈయన బోధించాడు. పొగ పైకి లేస్తుంది గనుక నేలకు దగ్గరగా పాకుతూ వెళ్ళాలనీ, ఎవరూ ఒంటరిగా లోపలికి పోరాదనీ నియమం పెట్టాడు.

లండనులో సేవ, మరణం

1833లో లండనులోని బీమా కంపెనీలు కలిసి ఏర్పరచిన దళానికి బ్రెయిడ్‌వుడ్ అధిపతి అయ్యాడు. 1834లో పార్లమెంటు భవనం తగలబడినప్పుడు వెస్ట్‌మినిస్టర్ హాలును కాపాడటంలో ఈ దళం పాల్గొన్నది. గిడ్డంగుల మధ్య ఇనుప తలుపులు అమర్చి, వాటిని మూసి ఉంచాలని ఈయన పలుమార్లు హెచ్చరించాడు.

1861 జూన్ 22న థేమ్స్ నది ఒడ్డున, టూలీ వీధి గిడ్డంగులలో మంటలు చెలరేగాయి. అక్కడ ఇనుప తలుపులున్నా, తెరచి ఉంచడం వల్ల నిప్పు త్వరగా వ్యాపించింది. అలసిన తన మనుషులను పరామర్శిస్తుండగా గోడ కూలి బ్రెయిడ్‌వుడ్ మరణించాడు. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. జూన్ 29న జరిగిన అంతిమయాత్ర సుమారు ఒకటిన్నర మైలు పొడవు సాగింది.

తదనంతర పరిణామాలు

ఈ ప్రమాదంలో తీవ్రంగా నష్టపోయిన బీమా కంపెనీలు నగర రక్షణ భారం ఇక మోయలేమని ప్రభుత్వానికి తెలిపాయి. ఫలితంగా 1865లో చట్టం వచ్చి, 1866లో లండనుకు ప్రజాధనంతో నడిచే అగ్నిమాపక దళం ఏర్పడింది. 2008లో ఎడింబరోలో బ్రెయిడ్‌వుడ్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.