ఆ బండ ఎవరు? మత్తయి 16:18 వ్యాఖ్యానం, శ్రీసభ అధికారం

మత్తయి సువార్త 16వ అధ్యాయంలో పేతురు యేసును క్రీస్తుగా ఒప్పుకుంటాడు. వెంటనే, 18వ వచనంలో, యేసు తన సంఘాన్ని ఒక బండ మీద కడతానంటాడు. ఆ బండ పేతురా, పేతురు పలికిన విశ్వాసమా, క్రీస్తేనా? రోము పోపు అధికారానికి లేఖనాధారంగా కతోలికులు ముందుగా చూపేది ఈ వచనాన్నే. లేఖనానికి అర్థం నిర్ణయించే హక్కు శ్రీసభదేనన్న సూత్రం, ఆ హక్కుకు మూలమని చెప్పే వచనం దగ్గరే ఎలా పనిచేసిందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ సూత్రానికి చట్టరూపం ఇచ్చింది ట్రెంట్ మహాసభ. 1519లో లైప్‌జిగ్ వాదసభలో కతోలిక వేదాంతి యోహాన్ ఎక్ వరుస ప్రశ్నలతో నిలదీసినప్పుడు, మహాసభలు కూడా పొరబడగలవని మార్టిన్ లూథర్ ఒప్పుకోవలసి వచ్చింది. దానితో లూథర్ లేవదీసిన వివాదం పాపక్షమాపణ పత్రాలను దాటి అసలు చోటికి చేరింది: లేఖనానికి అర్థం తేల్చేదెవరు? 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ దీనికి జవాబిచ్చింది. శ్రీసభ పట్టుకున్న అర్థానికి గానీ, సభాపితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల) ఏకాభిప్రాయానికి గానీ విరుద్ధంగా ఎవరూ లేఖనాన్ని వ్యాఖ్యానించరాదు.

మరి ఈ వచనంపై సభాపితరులకు ఏకాభిప్రాయం ఉందా? లేదు. పేతురులా క్రీస్తును ఒప్పుకునే ప్రతివాడూ బండే అన్నాడు ఓరిజెన్. ఆ ఒప్పుకోలులోని విశ్వాసమే బండ అన్నాడు క్రిసోస్తోమ్. అగస్టీన్ మొదట పేతురే బండ అని రాశాడు, తర్వాత క్రీస్తే అని పదే పదే బోధించాడు. వార్ధక్యంలో తన రచనలన్నీ తిరిగి పరిశీలిస్తూ, ఈ రెంటిలో ఏది మేలో పాఠకులే ఎంచుకోవచ్చని వదిలేశాడు. పోపు అధికారమే ఈ వచనం మీద నిలిచి ఉందని అగస్టీన్ భావించి ఉంటే, దాని అర్థాన్ని పాఠకుల ఇష్టానికి విడిచిపెట్టేవాడు కాడు. ఐదో శతాబ్దపు పోపు మొదటి లియో మాత్రం పేతురు తన వారసుల ద్వారా ఇంకా మాట్లాడుతున్నాడని గట్టిగా బోధించాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే, అన్యబోధకులిచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా అన్న తగాదాలో రోము బిషప్పు స్తెఫాను పేతురు వారసత్వాన్ని ముందుకు తెచ్చాడు. కైసరయ బిషప్పు ఫిర్మిలియన్ దాన్ని ఘాటైన లేఖతో తిప్పికొట్టాడు.

ఈ చిక్కు పూర్తిగా బయటపడింది మొదటి వాటికన్ మహాసభలో. అక్కడ పోపు అధికారికంగా చేసే విశ్వాసబోధలో పొరబడడన్న సిద్ధాంతాన్ని వ్యతిరేకించినవాళ్ళలో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆర్చిబిషప్పు పీటర్ కెన్రిక్ ఒకడు. 1870 జూన్ 3న మెజారిటీ సభ్యులు సాధారణ చర్చను ముగించేయడంతో ఆయన ప్రసంగానికి వంతు రాలేదు. దాన్ని నేపుల్స్‌లో అచ్చు వేయించి పంచాడు. అందులో ఒక లెక్క ఉంది: బండ పేతురే అన్న ప్రాచీన రచయితలు 17 మంది, అపొస్తలులందరూ అన్నవాళ్ళు 8 మంది, క్రీస్తే అన్నవాళ్ళు 16 మంది, పేతురు ఒప్పుకున్న విశ్వాసం అన్నవాళ్ళు 44 మంది. ఎక్కువమంది మాటే ప్రమాణమైతే బండ అంటే విశ్వాసమే కావాలి అన్నది ఆయన వాదం. వాదించినవాడు ప్రొటెస్టెంటు కాడు. ట్రెంట్ నియమాన్ని మనస్ఫూర్తిగా నమ్మిన కతోలిక ఆర్చిబిషప్పు. అందుకే ఈ ప్రసంగానికి అంత బరువు.

అయినా జూలై 18న తీర్మానం 533 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడినవి 2. వ్యతిరేకించినవాళ్ళలో చాలామంది అప్పటికే రోము విడిచి వెళ్ళారు. పేతురు ప్రాధాన్యం లేఖనంలో స్పష్టంగా ఉందనీ, కతోలిక సభ ఎప్పుడూ అలాగే గ్రహించిందనీ ఆ తీర్మానం ప్రకటించింది. కెన్రిక్ తలవంచాడు. కానీ 1871లో ఆంగ్ల కతోలిక చరిత్రకారుడు ఆక్టన్ ప్రభువుకు రాసిన ఉత్తరంలో, తాను లోబడింది కేవలం విధేయతతోనేననీ, తన అభ్యంతరాలు తీరిపోయి కాదనీ స్పష్టం చేశాడు. నా దృష్టిలో ఈ వివాదచరిత్ర మొత్తంలో ఇంతకన్నా నిజాయితీగల పత్రం లేదు.

ప్రొటెస్టెంటులు దీన్ని తమ విజయంగా చెప్పుకోవడానికి వీల్లేదు. లేఖనమొక్కటే చాలునన్న లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ 1529లో మార్బుర్గ్‌లో కూర్చుని 14 అంశాల మీద ఏకీభవించారు. ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు శరీరం ఉందా అన్న చోట విడిపోయారు. తీర్పరి లేకపోతే ఏమవుతుందో కతోలికులు చూపించడానికి ఈ ఒక్క ఉదాహరణ సరిపోతుంది. పైగా ఇరవయ్యో శతాబ్దంలో లూథరన్ పండితుడు ఆస్కార్ కుల్‌మన్, బండ పేతురే అన్న అర్థాన్ని ఒప్పుకున్నాడు. ఆ మాట పేతురుకే తప్ప వారసులకు వర్తించదన్నాడు. వచనార్థం మీద ఏకీభవించాక కూడా తగాదా తీరలేదంటే, అది మొదటినుంచీ వచనార్థం గురించి మాత్రమే కాదన్నమాట.

1943లో పన్నెండవ పయస్ పోపే, శ్రీసభ అర్థం నిర్ణయించిన వచనాలు కొద్దేననీ, సభాపితరులు ఏకాభిప్రాయంతో ఉన్నవీ అంతకు మించి లేవనీ రాశాడు. అలాంటప్పుడు మత్తయి 16:18కి పోపుపరమైన అర్థాన్ని స్థిరపరచింది పితరుల సాక్ష్యం కాదు, 1870 నాటి నిర్ణయమే. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథంలో రెండు అర్థాలూ ఇంకా ఉన్నాయి. పేతురు ఒప్పుకున్న విశ్వాసమే బండ అని 424వ పేరా చెబుతుంది, పేతురే బండ అని 881వ పేరా చెబుతుంది.